కారు పనికి కార్డ్‌లెస్ ఇంపాక్ట్ రెంచ్: చిన్నదా, మధ్యదా, పెద్దదా?

కారు పని కోసం కార్డ్‌లెస్ ఇంపాక్ట్ రెంచ్ కొనేవారి చూపు మొదట పడేది పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ముద్రించిన టార్క్ (మెలితిప్పే బలం) అంకె మీదే. ఆ అంకె ఎంత పెద్దదైతే పనిముట్టు అంత గొప్పదన్న నమ్మకంతో, చేతికి బరువై, చక్రం వెనుక సందులోకి పట్టని రెంచ్‌ను కొని, తరువాత దాన్ని ఏడాదికి రెండుసార్లు మాత్రమే బయటికి తీసేవారిని నేను చాలామందిని చూశాను. మొదటి రెంచ్ కొన్నప్పుడు నేను చేసిందీ అదే. ఇప్పుడు నా అభిప్రాయం వేరు. ఎప్పుడో ఒకసారి ఎదురయ్యే మొండి బోల్టును కాక, మనం తరచుగా విప్పే బోల్టులను మనసులో పెట్టుకుని రెంచ్‌ను ఎంచుకోవాలి. ఆ లెక్కన, ఒక్కటే కొనగలిగినవారికి 18 వోల్టుల మధ్యరకం, అర అంగుళం మొన ఉన్న రెంచ్ మేలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

కారు పనికి పోటీపడేవి ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది 12 వోల్టుల పొట్టి రెంచ్. దీని మొన, అంటే నట్టు మీద తొడిగే సాకెట్‌ను తగిలించే చదరపు కొస, సాధారణంగా 3/8 అంగుళం ఉంటుంది. రెండోది 18 వోల్టుల మధ్యరకం, మూడోది 18 వోల్టుల భారీ రకం. ఈ రెండింటికీ ఎక్కువగా అర అంగుళం మొనే ఉంటుంది. ముప్పావు అంగుళం, ఒక అంగుళం మొనలున్నవి లారీలకూ బస్సులకూ సంబంధించినవి కనుక వాటిని ఈ పోలికలోకి తేవడం లేదు.

వీటిని తూచేముందు, లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవాలి. ఎందుకంటే టార్క్ అంకెను ఎంతవరకు నమ్మాలన్నది దాని మీదే ఆధారపడి ఉంటుంది. మోటారు ఒక బరువైన ఉక్కు సుత్తిని తిప్పుతుంది. దాని ఎదురుగా, సాకెట్‌ను తగిలించే మొనతో ఏకఖండంగా ఉన్న దాగలి ఉంటుంది. సుత్తి వెనుక గట్టి స్ప్రింగు ఉంటుంది. బోల్టు తేలికగా తిరుగుతున్నంతసేపు సుత్తీ దాగలీ కలిసే తిరుగుతాయి. బోల్టు మొండికేసి దాగలి ఆగిపోగానే, సుత్తి వాలుగా చెక్కిన గాడి వెంట వెనక్కి జరిగి స్ప్రింగును నొక్కుతుంది; దాగలి చెవులను, అంటే దాని పక్కలకు పొడుచుకువచ్చిన భాగాలను, దాటిన మరుక్షణం ముందుకు దూకి, గిర్రున తిరిగివచ్చిన వేగమంతటితో వాటిని పక్కనుంచి కొడుతుంది. ఇలాంటి దెబ్బలు నిమిషానికి రెండు మూడు వేలు పడతాయి. ఒక్కొక్క దెబ్బ అతి స్వల్పకాలం మాత్రమే నిలుస్తుంది కనుక ఆ మెలి మన మణికట్టును చేరదు; పొడవాటి బ్రేకర్ బార్‌తో (సాకెట్ తగిలించే చేతి కడ్డీతో) ఒళ్లంతా వేలాడి విప్పాల్సిన నట్టును ఒంటి చేత్తో విప్పగలగడానికి కారణం ఇదే.

అంటే ఈ రెంచ్ ఇచ్చేది నిలకడైన బలం కాదు, వరుస దెబ్బలు. దెబ్బలో ఎంత శక్తి బోల్టుకు చేరుతుందన్నది సాకెట్ గట్టిదనం, మధ్యలో ఎంత పొడవు ఎక్స్‌టెన్షన్ రాడ్ ఉంది, బ్యాటరీ ఎంత నిండి ఉంది అన్న వాటిని బట్టి మారిపోతుంది. సన్నని పొడవాటి రాడ్ ప్రతి దెబ్బకూ స్ప్రింగులా కొద్దిగా మెలితిరిగి, ఆ శక్తిలో కొంత తానే మింగేస్తుంది. వంపు తిరిగే జాయింట్ తగిలిస్తే నష్టం ఇంకా ఎక్కువ. కాబట్టి పెట్టె మీది అంకె, అనుకూల పరిస్థితుల్లో ఆ యంత్రం చేరగల గరిష్ఠ హద్దు మాత్రమే.

పైగా ఆ అంకెలో రెండు రకాలు ఉన్నాయి: బిగించేటప్పటి టార్క్, బిగిసిన నట్టును విప్పేటప్పటి టార్క్. రెండోది ఎప్పుడూ పెద్దది కనుక ప్రకటనల్లో అదే ముందుంటుంది. మకీటా డీటీడబ్ల్యూ300 బిగింపు టార్క్ 330 న్యూటన్ మీటర్లు, విప్పే టార్క్ 580. బాష్ జీడీఎస్ 18వీ-400కు ఇవే 400, 600. మిల్వాకీ వారి భారీ రకమైన ఎం18 ఫ్యూయెల్ 2767కు 1000, 1400 అంటారు గాని, అవి ఫుట్ పౌండ్లు. ఒక ఫుట్ పౌండ్ అంటే సుమారు 1.356 న్యూటన్ మీటర్లు కనుక, 1400 ఫుట్ పౌండ్లంటే దాదాపు 1900 న్యూటన్ మీటర్లు. రెండు రెంచ్‌లను పోల్చేటప్పుడు కొలమానం ఒకటేనా, రెండు అంకెలూ ఒకే రకానివేనా అని చూసుకోకపోతే పోలికకు అర్థమే ఉండదు.

ఇక కారు అడిగేది ఎంత? చిన్న, మధ్యతరహా కార్ల చక్రాల నట్లను సాధారణంగా 100 నుంచి 140 న్యూటన్ మీటర్ల మధ్య బిగిస్తారు. బ్రేక్ ప్యాడ్లను నొక్కే కాలిపర్‌ను పట్టి ఉంచే బ్రాకెట్ బోల్టులు కూడా చాలా కార్లలో ఇంచుమించు ఆ పరిధిలోనే ఉంటాయి. ముందు చక్రాల యాక్సిల్ నట్టు 200 నుంచి 300 వరకు వెళ్తుంది. ఇంజన్ క్రాంక్ షాఫ్ట్ చివర ఉండే కప్పీని పట్టి ఉంచే క్రాంక్ పుల్లీ బోల్టు అన్నిటికంటే మొండిది. హోండా ఇంజన్లలో ఆ బోల్టుకు ఈ విషయంలో పెద్ద పేరే ఉంది, దానికోసం ప్రత్యేకంగా బరువైన సాకెట్లు తయారయ్యేంత పేరు. అయితే ఇవన్నీ బిగించేటప్పటి అంకెలని మరవకూడదు. కొన్నేళ్లు వానలో, బురదలో తిరిగి తుప్పు పట్టిన నట్టు, తనను బిగించిన బలానికి రెట్టింపు పెట్టినా కదలకపోవచ్చు. అందుచేత 120 దగ్గర బిగించిన నట్టుకు 150 ఇచ్చే రెంచ్ చాలదు. 400, 500 దాకా విప్పగలిగేది ఉంటే నిశ్చింత.

చిన్న రెంచ్‌ను కొందరు బొమ్మగా తీసిపారేస్తారు. అది అన్యాయం. మిల్వాకీ ఎం12 ఫ్యూయెల్ తొలి తరం పొట్టి రకం 250 ఫుట్ పౌండ్లు, అంటే దాదాపు 339 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. దాని తల పొడవు కేవలం 12 సెంటీమీటర్లు. స్టీరింగ్‌ను ఒక పక్కకు పూర్తిగా తిప్పి, చక్రం తీసేసి, కాలిపర్ బ్రాకెట్ వెనుక బోల్టుకు సాకెట్ తొడిగి చూడండి. సాకెట్ వెనుక అంచుకూ షాక్ అబ్జార్బర్ కాలికీ మధ్య మిగిలేది జానెడు జాగా కూడా ఉండదు. అక్కడ భారీ రెంచ్ ఎంత బలవంతమైనదైనా నిరుపయోగం, ఎందుకంటే అది బోల్టుకు నేరుగా ఆనదు. ఓరగా ఆనించి నొక్కితే బోల్టు తల అంచులు అరిగిపోతాయి. పొట్టి రెంచ్ మాత్రం ఆ జాగాలో నిటారుగా కూర్చుని, నాలుగైదు క్షణాల్లో బోల్టును వదులు చేస్తుంది. ఇంజన్ చుట్టూ, బాడీ కింద, డ్యాష్‌బోర్డు లోపల పని ఎక్కువగా చేసేవారికి ఇంతకు మించినది లేదు. దీని కొరత తుప్పు పట్టిన చక్రాల నట్ల దగ్గర బయటపడుతుంది. అవి కొన్నిసార్లు దీనికి లొంగుతాయి, కొన్నిసార్లు లొంగవు. అర్ధరాత్రి రోడ్డు పక్కన టైరు మార్చేటప్పుడు ఆ అనిశ్చితి భరించలేం.

భారీ రకం సంగతి దీనికి సరిగ్గా వ్యతిరేకం. దాని ముందు నిలిచే నట్టు మామూలు కార్లలో దాదాపు ఉండదు. డీవాల్ట్ డీసీఎఫ్899కు విప్పే టార్క్‌ను 1200 ఫుట్ పౌండ్లుగా చెబుతారు; దాని తల పొడవు 22 సెంటీమీటర్లకు పైనే. పెద్ద బ్యాటరీ తగిలించిన ఈ తరగతి రెంచ్ బరువు మూడున్నర కిలోల దరిదాపుల్లో ఉంటుంది. నేల మీద కూర్చుని చక్రం నట్లు విప్పుతున్నంతసేపు ఆ బరువు తెలియదు. కారు కింద పడుకుని, రెండు చేతులూ పైకెత్తి, సస్పెన్షన్ బోల్టుకు దాన్ని ఆనించి పట్టుకున్నప్పుడు భుజాలు రెండో నిమిషానికే చెప్పేస్తాయి. ఇంకో ముప్పు కూడా ఉంది. ఇంత బలం చేతిలో ఉన్నప్పుడు, తుప్పు పట్టి ఇరుక్కున్న సన్నని బోల్టు విడిపోవడానికి బదులు తెగిపోతుంది. అలా తెగిన బోల్టు మొండెం రంధ్రంలో ఉండిపోతే, దాన్ని డ్రిల్ చేసి తీయడానికి పట్టే సమయం ముందు, నూనె పోసి ఓ గంట ఆగడం ఎంతో నయం. పాత వాహనాలు, జీపులు, పికప్ బండ్లు, తరచూ యాక్సిల్, క్రాంక్ పుల్లీ పనులు ఉన్నవారు మాత్రం నిస్సంకోచంగా భారీ రకమే తీసుకోవాలి. వారికి మధ్యరకం చాలక, మళ్లీ కొనాల్సి వస్తుంది.

మధ్యరకం బలం గత కొన్నేళ్లలో బాగా పెరిగింది. మిల్వాకీ 2962 బిగింపులో 550, విప్పడంలో 650 ఫుట్ పౌండ్లు ఇస్తుంది. అంటే విప్పేటప్పుడు 800 న్యూటన్ మీటర్లు దాటుతుంది. తల పొడవు మాత్రం సుమారు 15 సెంటీమీటర్లే. ఈ తరగతిలో 400 నుంచి 800 దాకా ఇచ్చే రెంచ్ ఏదైనా చక్రాల నట్లను తడబడకుండా విప్పుతుంది, సస్పెన్షన్ బోల్టులను చాలావరకు విప్పుతుంది, యాక్సిల్ నట్టును కూడా చాలాసార్లు విప్పుతుంది. అది చేయలేని ఆ ఒకటి రెండు పనులకు పొడవాటి బ్రేకర్ బార్ ఒకటి పక్కన ఉంచుకుంటే సరిపోతుంది. మధ్యరకం చేరలేని సందులు కొన్ని ఉన్న మాట నిజమే గాని, వాటికి చేతి రాట్చెట్ ఉండనే ఉంది. ఒక పనిముట్టుతో ఎక్కువ పనులు గట్టెక్కాలంటే ఇదే నా ఎంపిక.

బ్యాటరీ విషయంలో అంకెల గారడీ ఒకటి ఉంది. కొన్ని కంపెనీలు 18 వోల్టులని, కొన్ని 20 వోల్టులని రాస్తాయి, రెండూ ఒకటే. లోపల 3.6 వోల్టుల లిథియం సెల్‌లు ఐదు వరుసగా ఉంటాయి; అప్పుడే పూర్తిగా ఛార్జ్ చేసినప్పుడు అవి 20 పైన చూపుతాయి, పనిచేసేటప్పుడు 18 దగ్గరికి దిగుతాయి. 12 వోల్టులన్నది కూడా అలాగే మూడు సెల్‌లు, నికరంగా 10.8. అసలు తేడా ఆంపియర్ అవర్లలో ఉంది. 2 ఆంపియర్ అవర్ బ్యాటరీలో సాధారణంగా ఒక్క వరుస సెల్‌లే ఉంటాయి. రెంచ్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగినప్పుడు వాటి వోల్టేజీ పడిపోతుంది, దెబ్బ బలహీనపడుతుంది. 5 ఆంపియర్ అవర్ బ్యాటరీలో భారం రెండు వరుసల మీద పడుతుంది కనుక వోల్టేజీ నిలబడుతుంది. అదే రెంచ్, అదే నట్టు. చిన్న బ్యాటరీతో గిరగిర కొట్టి విప్పలేనిది పెద్ద బ్యాటరీతో విప్పడం ఎవరైనా స్వయంగా చూడవచ్చు. ఇప్పటికే ఇంట్లో ఒక కంపెనీ డ్రిల్ మిషన్, బ్యాటరీలు ఉంటే, ఆ కంపెనీ రెంచ్‌నే బ్యాటరీ లేకుండా కొనడం తెలివైన పని. మోటారు బ్రష్‌లెస్ రకమై (లోపల అరిగిపోయే కార్బన్ బ్రష్‌లు లేనిదై) ఉండాలి. దీని గురించి రెండో ఆలోచన అక్కరలేదు.

చిన్నవిగా కనిపించినా రోజూ చేతికి తగిలేవి మరో రెండు. మొన మీద సాకెట్‌ను పట్టి ఉంచడానికి కొన్నిటికి ఉంగరం, కొన్నిటికి పిన్ను ఉంటాయి. సాకెట్లు మాటిమాటికీ మార్చే కారు పనికి ఉంగరమే హాయి. పిన్ను రకంలో ప్రతిసారీ సన్నని మేకుతో నొక్కాలి. రెండోది, విప్పేటప్పుడు నట్టు వదులవగానే వేగం తగ్గించే లేదా ఆపేసే సదుపాయం. అది లేకపోతే నట్టు సాకెట్‌లోంచి ఎగిరి ఎక్కడో దొర్లుతుంది.

రెంచ్ ఏదైనా సాకెట్లు మాత్రం ఇంపాక్ట్ సాకెట్లే కావాలి. చేతి పానాలకు వాడే మెరిసే క్రోమ్ సాకెట్ గట్టిదే గాని పెళుసు; ఈ దెబ్బలకు పగిలి ముక్కలు మొహం మీదికి రావచ్చు. నల్లని, గోడ మందంగా ఉన్న, ఆరు మూలల సాకెట్లు తీసుకోవాలి. కళ్లద్దాలు, చెవులకు రక్షణ తప్పనిసరి. ఈ రెంచ్‌ల మోత 100 డెసిబెల్‌లకు అటూ ఇటూగా ఉంటుంది.

భారీ రకం కొనకుండా మిగిల్చిన డబ్బుతో మంచి టార్క్ రెంచ్ ఒకటి కొనమని నా గట్టి సలహా. ఒకసారి నా కారు టైర్లు మార్పించాక, చక్రాల నట్లను ఇంపాక్ట్ రెంచ్‌తోనే ఆఖరిదాకా బిగించి పంపారు. కొన్ని నెలల తరువాత వాటిని విప్పుతుంటే ఒక స్టడ్ (నట్టును బిగించే మరల కడ్డీ) మరచుట్లతో సహా ఊడి వచ్చింది. అతిగా, అసమానంగా బిగిస్తే స్టడ్ సాగడమే కాదు, బ్రేక్ డిస్క్ ఒంకర తిరిగి బ్రేకు వేసినప్పుడల్లా స్టీరింగ్ వణకవచ్చు. అందుకే చక్రం ఆనుకునే హబ్ ముఖాన్ని వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి, నట్లను మొదట చేత్తో తిప్పి, ఇంపాక్ట్ రెంచ్‌ను అతి తక్కువ వేగంలో పెట్టి ఆనిందనిపించగానే ఆపి, జాకీ దించాక, ఒకదాని తరువాత దాని ఎదుటిదాన్ని పట్టుకుంటూ, టార్క్ రెంచ్‌తో కారు పుస్తకంలో రాసిన అంకెకు బిగించాలి. యాభై, వంద కిలోమీటర్లు నడిపాక, చక్రాలు చల్లారి ఉన్నప్పుడు అదే టార్క్ రెంచ్‌తో ప్రతి నట్టునూ మరోసారి సరిచూసుకోవాలి.