చేతితో కట్టిన పాత మిక్సింగ్ కన్సోల్‌తో తొమ్మిదేళ్లు

పాత అనలాగ్ మిక్సింగ్ కన్సోళ్ల (స్టూడియోలో మైకుల నుంచి వచ్చే ధ్వనులను సరిచేసి కలిపే బల్లల) గురించి రాసేవారు దాదాపు అందరూ ధ్వనితోనే మొదలుపెడతారు. ఈ కన్సోల్ చేతికి వచ్చిన తొలి ఏడాది నేనూ అలాగే రాశాను, కొంత ఎక్కువగానే రాశాను. తొమ్మిదేళ్లుగా దాదాపు రోజూ దీని ముందు కూర్చున్న తర్వాత నా ఇష్టం చోటు మార్చుకుంది. వెనుక పలకకున్న ఎనిమిది మరలు విప్పితే లోపల కనిపించే వైర్ల అల్లిక ఇప్పుడు నాకు ఇందులో అన్నిటికన్నా ప్రియమైనది. మంచి ధ్వనినిచ్చే కన్సోళ్లు ఇంకా ఉన్నాయి; పాడైనప్పుడు ఇంత మర్యాదగా తన లోపలికి రానిచ్చే యంత్రాన్ని మాత్రం నేను మరొకదాన్ని చూడలేదు.

ఇది 1970ల నడుమ ఒక స్టూడియో తన అవసరాలు చెప్పి కట్టించుకున్న కన్సోల్. ఇరవై ఇన్‌పుట్‌లు, అంటే ఇరవై ఛానళ్లు; వాటిని కలిపి పంపే ఎనిమిది గ్రూపులు. క్లాస్ ఎ ఆంప్లిఫయర్లు, ఇన్‌పుట్‌లోనూ ఔట్‌పుట్‌లోనూ ట్రాన్స్‌ఫార్మర్లు, సిగ్నల్‌ను ఎంత పెంచాలో నిర్ణయిస్తూ మెట్లు మెట్లుగా తిరిగే గెయిన్ స్విచ్ వంటివన్నీ ఆ కాలపు పనితనం ఎరిగినవారికి తెలిసినవే కనుక వాటి జోలికి పోను. దీన్ని కట్టిన చిన్న సంస్థ పేరు కూడా చెప్పను, ఎందుకంటే కింద నేను చెప్పబోయే లోపం అక్కడ పనిచేసిన ఎవరో ఒకరి చేతి పొరపాటు, దానికి యాభై ఏళ్ల తర్వాత ఒక సంస్థను నిలబెట్టి అడగడం నాకు న్యాయంగా తోచదు.

లోపలి అల్లిక గురించి కొంచెం వివరంగా చెప్పాలి. వందల వైర్లు ఒకే కట్టగా సాగుతూ, వేలెడు దూరానికొక ముడి చొప్పున మైనం పూసిన దారంతో కట్టి ఉంటాయి. ఒక్కొక్క వైరూ తాను చేరవలసిన పిన్ను ఎదురుగా వచ్చినప్పుడే కట్ట నుంచి బయటికి వస్తుంది. ఇలాంటి కట్టను కన్సోల్ లోపల కూర్చుని అల్లలేరు. చెక్క పలక మీద మేకులు కొట్టి, వాటి వెంట వైర్లను పరచి, దారం కట్టి, పూర్తయ్యాక మొత్తాన్ని ఎత్తి చట్రంలో కూర్చోబెడతారు. అంతకన్నా నన్ను ఆశ్చర్యపరచిన విషయం ఒకటుంది: ప్రతి వైరుకూ చివర రెండు అంగుళాల అదనపు పొడవును చిన్న వంపుగా వదిలారు. ఎన్నడో ఒకనాడు ఎవరో ఒకరు ఆ కొసను కత్తిరించి మళ్లీ అతకవలసి వస్తుందని, అప్పుడు వైరు చాలక ఇబ్బంది పడకూడదని, కట్టిన రోజునే ఆలోచించిన మనిషి వదిలిన పొడవు అది. ఆ "ఎవరో ఒకరు" నేనే అవుతానని అప్పుడు నాకు తెలియదు.

ఇలాంటి కన్సోళ్లు ఇంత అరుదు కావడానికి మొదటి కారణం అవి మొదటి నుంచీ తక్కువే కావడం. ట్రైడెంట్ వారి ఎ-రేంజ్ కన్సోళ్లు మొత్తం పదమూడే తయారయ్యాయని చెబుతారు. ఇఎంఐ వారి టిజి12345 ప్రధానంగా తమ సొంత స్టూడియోల కోసం కట్టుకున్నది, అమ్మకానికి పెట్టిన సరుకు కాదు. ఒలింపిక్ స్టూడియోస్‌లో కన్సోళ్లు రూపొందించిన డిక్ స్వెటెన్‌హామ్ తర్వాత నడిపిన హీలియోస్ సంస్థ కూడా ఒక్కొక్క స్టూడియోకు ఒక్కొక్క తీరుగా, ఇంజనీరు చుట్టూ వంగి వచ్చేలా కట్టి ఇచ్చేది. రెండో కారణం నాకు కోపం తెప్పించేది. రూపర్ట్ నీవ్ 1961లో స్థాపించిన సంస్థ నుంచి 1970లో వచ్చిన 1073 మాడ్యూల్ (ఒక ఛానల్ సర్క్యూట్లుండే, గూటిలోంచి విడదీయగల భాగం) పేరు ఎంత పెరిగిందంటే, నిండు కన్సోల్ కన్నా దాని మాడ్యూళ్లను విడదీసి, జంటలుగా పెట్టెల్లో బిగించి అమ్మితేనే లాభం ఎక్కువైంది. అలా ఎన్నో కన్సోళ్లు ముక్కలయ్యాయి. మాడ్యూళ్లు బతికాయి గాని, వాటిని కలిపి ఉంచిన చట్రమూ, ఛానళ్ల సిగ్నళ్లను ఒకచోట చేర్చే బస్ లైన్లూ, ఆ దారపు అల్లికా తుక్కులోకి పోయాయి. 1973లో అమెరికాలోని సౌండ్ సిటీ స్టూడియో కొన్న నీవ్ 8028 కన్సోల్‌ని 2011లో రాక్ సంగీతకారుడు డేవ్ గ్రోల్ తన స్టూడియోకు చెక్కుచెదరకుండా తరలించుకోవడం వార్తగా నిలిచిందంటే, అలా జరగకపోవడమే మామూలు కావడం వల్లనే.

ఇక ధ్వని. తొలి ఏడాది నేను రాసిన మాటల్లో కొన్నింటిని ఇప్పుడు సవరించుకోవాలి. "ఇరవై ఛానళ్లకు ఇరవై గొంతులు, అదే దీని ప్రాణం" అని అప్పుడు రాశాను. తర్వాత ఒకసారి పియానోకు రెండు మైకులు పెట్టి పక్కపక్క ఛానళ్లలో రికార్డు చేస్తే, పై స్వరాల్లో వాద్యం మొత్తం ఎడమవైపుకు ఒరిగి వినిపించింది. కొలిచి చూస్తే ఆ రెండు ఛానళ్ల మధ్య పై ఫ్రీక్వెన్సీలలో డెసిబెల్‌న్నర తేడా ఉంది. ఎండిపోయిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లను మార్చి, విలువ జారిపోయిన రెసిస్టర్లు కొన్నింటిని సరిచేశాక ఆ తేడా అర డెసిబెల్ లోపుకు వచ్చింది. నేను స్వభావమని మెచ్చుకున్నది చాలావరకు ముసలితనమే.

ట్రాన్స్‌ఫార్మర్ల విషయంలో నా మెచ్చుకోలు నిలిచింది గాని, షరతులతో నిలిచింది. ట్రాన్స్‌ఫార్మర్‌లోని ఇనుప కోర్ తక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర, అదీ సిగ్నల్ బలంగా ఉన్నప్పుడు, ముందుగా సంతృప్తమవుతుంది, అంటే ఇక పట్టలేనంతగా నిండిపోతుంది. అప్పుడు ముఖ్యంగా మూడో హార్మోనిక్ (మూల ఫ్రీక్వెన్సీకి మూడు రెట్లది) పెరిగి, బేస్ గిటారు, డ్రమ్ముల అడుగు భాగం దట్టంగా, దగ్గరగా వినిపిస్తుంది. సిగ్నల్ మామూలు స్థాయిలో ఉంటే ఆ ప్రభావం చాలా స్వల్పం. ఒకే డ్రమ్ వాయింపును రెండుగా చీల్చి, ఒకటి ఈ కన్సోల్ గుండా, మరొకటి నేటి సాధారణ ప్రీఆంప్ (మైక్ సిగ్నల్‌ను పెంచే పరికరం) గుండా పంపి, రెండింటి స్థాయినీ డెసిబెల్‌లో పదో వంతు తేడా లోపు సరిచేసి, ఏది ఏదో చెప్పకుండా వినిపించమని సహాయకుడిని అడిగాను. మామూలు స్థాయిలో పదింటికి ఆరుసార్లు సరిగ్గా చెప్పాను, అంటే బొమ్మా బొరుసూ వేసినా వచ్చేంత. గెయిన్‌ను రెండు మెట్లు పైకి తిప్పి వాయించినప్పుడు పదింటికి తొమ్మిదిసార్లు గుర్తుపట్టాను. కనుక ఈ ధ్వని దానంతట అది వచ్చేది కాదు, రాబట్టుకోవలసినది. ఈ సంగతి నా మొదటి సమీక్షలో లేదు.

ఇప్పుడు పదకొండో ఛానల్ కథ. ఆరో ఏడాదిలో ఒక సాయంత్రం, గాయకుడు రెండో చరణంలో ఉండగా అతని గొంతులోని అడుగు స్వరమంతా ఒక్కసారిగా మాయమై, గొంతు సన్నబడి, టెలిఫోన్‌లోంచి వినిపించినట్టయింది. ఫేడర్ (ధ్వని స్థాయిని మార్చే జారుడు మీట) కదిపాను, గెయిన్ స్విచ్‌ను అటూ ఇటూ తిప్పాను. నాలుగు నిమిషాల తర్వాత దానంతట అదే బాగైంది. మర్నాడు ఉదయం ఎంత పరీక్షించినా లోపం కనబడలేదు. మూడో రోజు సాయంత్రం మళ్లీ వచ్చింది. బేస్ పోయిందంటే మొదట అనుమానించవలసినది సిగ్నల్ దారిలోని కెపాసిటర్లనే కనుక, ఆ మాడ్యూల్‌లోని వాటినన్నిటినీ మార్చాను. రెండు రోజులు బాగుంది. మూడో సాయంత్రం మళ్లీ అదే తంతు.

మొదటి రోజే చేయవలసిన పనిని నేను మూడో వారంలో చేశాను. పదకొండో గూటిలోని మాడ్యూల్‌ను పన్నెండులోకి, పన్నెండులోనిదాన్ని పదకొండులోకి మార్చి, లోపం ఎటు పోతుందో చూశాను. లోపం కదలలేదు, పదకొండో గూటిలోనే ఉండిపోయింది. అంటే మాడ్యూల్‌కు ఏ పాపమూ తెలియదు, నేను అనవసరంగా దాని కెపాసిటర్లు పీకాను. తప్పు చట్రంలోని వైరింగ్‌లో ఉంది. అప్పుడు గాని నాకు బుర్రలో వెలగలేదు: మైక్ సిగ్నల్‌ను జంటగా మోసే బ్యాలెన్స్‌డ్ లైన్‌లోని రెండు వైర్లలో ఒకటి తెగితే, ఇన్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కు సిగ్నల్ పూర్తిగా ఆగిపోదు, అక్కడక్కడి కొద్దిపాటి కెపాసిటెన్స్ గుండా పై ఫ్రీక్వెన్సీలు మాత్రం దూరి, అడుగు లేని పలుచని ధ్వని వస్తుంది. నేను వింటున్నది సరిగ్గా అదే.

మల్టీమీటర్‌తో మైక్ సాకెట్ నుంచి మాడ్యూల్ సాకెట్ వరకు రెండు వైర్లనూ పరీక్షిస్తే రెండూ కలిసే ఉన్నట్టు చూపింది. ఎన్నిసార్లు చూసినా అంతే. ఆ మీటర్‌ను నమ్మి ఇంకో వారం ప్యాచ్‌బేలో (తీగలు గుచ్చి సిగ్నల్ దారులు మార్చుకునే సాకెట్ల పలకలో) వెతికాను. చివరికి ఒక రాత్రి కన్సోల్‌ను మూడు గంటలు వేడెక్కనిచ్చి, ఆ ఛానల్‌లోకి 100 హెర్ట్జ్ టోన్ పంపుతూ, సన్నని కర్రపుల్లతో సాకెట్ వెనుక ఒక్కొక్క పిన్నునూ మెల్లగా తట్టుతూ వెళ్లాను. రెండో పిన్ను దగ్గర టోన్ పోయింది, మళ్లీ తట్టితే వచ్చింది. భూతద్దం పెట్టి చూస్తే వైరు పిన్ను చుట్టూ ఒకటిన్నర చుట్టు చుట్టి ఉంది, దాని మీద సోల్డర్ గుండ్రంగా మెరుస్తూ ఉంది, కాని వైరుకూ సోల్డర్‌కూ మధ్య తల వెంట్రుకంత నల్లని గీత. వైరుకు సోల్డర్ ఏనాడూ అంటుకోలేదు. అన్నేళ్లూ ఆ ఒకటిన్నర చుట్టు బిగువు మీదే పనిచేసింది. క్లాస్ ఎ ఆంప్లిఫయర్లు సిగ్నల్ ఉన్నా లేకున్నా కరెంటు తాగుతూనే ఉంటాయి కనుక సాయంత్రానికి చట్రం బాగా వేడెక్కుతుంది, ఆ వేడికి లోహం సాగి, వదులైన చుట్టు విడిపోయేది. మీటర్ పుల్లను పిన్ను మీద అదిమినప్పుడల్లా ఆ ఒత్తిడికే వైరు పిన్నుకు తగిలి, అంతా బాగున్నట్టు చూపింది.

అన్నిటికన్నా విచిత్రం, ఆ అతుకు మీద చిన్న ఎర్రరంగు చుక్క ఉంది. తనిఖీ చేసినవారు ప్రతి అతుకు మీదా పెట్టిన చుక్క అది. మిగతా అతుకుల మీద ఎలా ఉందో దీని మీదా అలాగే ఉంది. చేతిపని అనగానే మనం లోపం లేనితనాన్ని ఊహించుకుంటాం; అతికినవారి చెయ్యీ తనిఖీ చేసినవారి కన్నూ ఒకే చోట జారాయన్నమాట. నాకు కోపం రాలేదు. ఆ వంపులోంచి అర అంగుళం వైరు లాగి, పాత కొసను కత్తిరించి, తొడుగు ఒలిచి, శుభ్రం చేసి, మళ్లీ సోల్డర్ చేయడానికి పట్టింది పది నిమిషాలు. వెతకడానికి పట్టింది అయిదు వారాలు. తర్వాత మిగతా పంతొమ్మిది సాకెట్లనూ భూతద్దంతో చూశాను. అలాంటివే మరో రెండు అనుమానాస్పదంగా కనిపిస్తే వాటినీ కొత్తగా అతికాను. మూడేళ్లయింది, ఆ లోపం తిరిగి రాలేదు.

దీనికి ముందు నేను వాడిన ఒక డిజిటల్ కన్సోల్‌లో ఫేడర్లను నడిపే బోర్డు పోయినప్పుడు, ఆ బోర్డు ఇక తయారు కావడం లేదన్న జవాబుతో కథ ముగిసింది. గోరంత భాగాలు, వాటి కింద కనబడని అతుకులు. నా చేతిలోని సోల్డరింగ్ ఐరన్‌కు అక్కడ పనే లేదు. అది వాడినన్నాళ్లూ ఒక్కసారి కూడా సతాయించలేదన్న మాట నిజం. ఒక్కసారే పోయింది, పూర్తిగా పోయింది. ఇది తొమ్మిదేళ్లలో పాతిక సార్లకు తక్కువ కాకుండా సతాయించింది, ప్రతిసారీ బాగైంది.

దీనికి జ్ఞాపకశక్తి లేదన్న ఫిర్యాదు గురించి కూడా ఒక మాట. 1970ల చివరికల్లా కంప్యూటర్ సాయంతో ఫేడర్ కదలికలను గుర్తుపెట్టుకునే కన్సోళ్లు వచ్చేశాయి. ఇది వాటికి ముందుతరం. ఒక పాట మిక్స్ మధ్యలో ఆపి మరో పాట ఎత్తుకుంటే, మొదటిదాని అమరికను కాగితం మీద రాసుకోవలసిందే, ఫొటోలు తీసుకోవలసిందే. మెట్ల స్విచ్‌లు ఉన్నచోట పాత స్థానానికి సరిగ్గా తిరిగి రావచ్చు. ఫేడర్లు, ధ్వనిని ఎడమకో కుడికో జరిపే పాన్ నాబ్‌ల దగ్గర మాత్రం ఎప్పుడూ కొంత తేడా మిగులుతుంది. మొదట్లో దీన్ని క్రమశిక్షణ నేర్పే గుణమని సమర్థించేవాడిని. వారం తర్వాత ఫోన్ చేసి "ఆ గొంతు ఒక్క డెసిబెల్ పెంచండి" అనే నిర్మాతతో పనిచేసినప్పటి నుంచి ఆ సమర్థన మానేశాను.

కొనాలా వద్దా అని అడిగేవారికి నేను సూటిగా జవాబు చెప్పలేను, ఎందుకంటే నా పరిస్థితి వేరు. నేను రికార్డింగే ఎక్కువగా చేస్తాను, మిక్సింగ్ తక్కువ. వాద్యబృందం మొత్తం ఒకేసారి వాయించే పనులే నాకు ఎక్కువగా వస్తాయి. సోల్డరింగ్ చిన్నప్పటి నుంచీ అలవాటు. ఒక సాయంత్రం పని ఆగిపోతే తట్టుకోగల వెసులుబాటు ఉంది. ఈ నాలుగింటిలో ఏ రెండు లేకపోయినా, ధ్వని మాత్రమే కావాలనుకునేవారికి ట్రాన్స్‌ఫార్మర్లున్న కొత్త ప్రీఆంప్‌లు రెండు సరిపోతాయేమో. అవి ముక్కలైన కన్సోల్ నుంచి ఊడదీసినవి కాకుండా చూసుకోమని మాత్రం అడుగుతాను. నిండు కన్సోల్‌నే చూడడానికి వెళ్తే, ఉదయం వెళ్లకండి. మధ్యాహ్నం నుంచి దాన్ని ఆన్‌లో ఉంచమని చెప్పి, చీకటి పడ్డాక వెళ్లి, ప్రతి ఛానల్‌లోనూ అడుగు స్వరమున్న గొంతునో వాద్యాన్నో వినండి. వెంట ఒక కర్రపుల్ల కూడా పట్టుకెళ్లండి.