అమ్మమ్మ తీర్చకుండా వెళ్లిన మొక్కు: జెన్ చో నవల ‘బ్లాక్ వాటర్ సిస్టర్’

ఫాంటసీ నవలల్లో వంశపారంపర్యంగా వచ్చే మంత్రశక్తికి ఒక అరిగిపోయిన దారి ఉంది. ఈడు వచ్చిన కథానాయికకు తన రక్తంలో ఏదో విశేషం ఉందని తెలుస్తుంది, ఒక గురువు తారసపడతాడు, మొదట్లో మాట వినని శక్తి క్రమంగా చేతికి లొంగుతుంది, చివరి అధ్యాయానికల్లా ఆమె అందరినీ కాపాడేటంతటిది అవుతుంది. మలేసియాలో పుట్టి పెరిగి, బ్రిటన్‌లో స్థిరపడిన జెన్ చో 2021లో వెలువరించిన ‘బ్లాక్ వాటర్ సిస్టర్’ ఆ దారి తొక్కలేదు. ఈ నవలలో అమ్మమ్మ నుంచి మనవరాలికి సంక్రమించేదాన్ని శక్తి అనడానికి మనసొప్పదు. పెద్దవాళ్లు ఎప్పుడో మొక్కుకుని, తీర్చకుండానే కన్నుమూస్తే ఆ మొక్కు ఇంట్లో మిగిలినవాళ్ల మెడకు చుట్టుకుంటుందని అంటారు చూడండి, అలాంటి వ్యవహారం ఇది. ఈ ఒక్క ఊహను రచయిత్రి గట్టిగా పట్టుకున్నచోట నవల బాగుంది, పట్టు సడలించినచోట జారింది.

కథ క్లుప్తంగా ఇదీ. జెస్ అని అందరూ పిలిచే జెస్సమిన్ తియో పసితనంలోనే తల్లిదండ్రులతో అమెరికా వెళ్లి, అక్కడే పెరిగి, హార్వర్డ్‌లో చదువు ముగించుకున్న యువతి. తండ్రికి జబ్బు చేసి, ఉద్యోగం పోయి, చేతిలో ఉన్నది కరిగిపోవడంతో ఆ కుటుంబం మలేసియాలోని పెనాంగ్‌కు తిరిగివచ్చి మేనత్త ఇంట్లో తలదాచుకుంటుంది. జెస్‌కు ఉద్యోగం లేదు. శరణ్య అనే అమ్మాయిని ప్రేమిస్తున్న సంగతి ఇంట్లో చెప్పే ధైర్యమూ లేదు. ఇల్లు ఖాళీ చేసి బయలుదేరే హడావుడిలోనే ఆమెకు ఒక గొంతు వినిపించడం మొదలవుతుంది. ఒత్తిడివల్ల కలిగిన భ్రమ అని ఆమె సరిపెట్టుకున్న ఆ గొంతు, చనిపోయిన అమ్మమ్మదని తరువాత తేలుతుంది. నవల అంతటా ‘ఆ మా’గా కనిపించే ఈ అమ్మమ్మ, బతికి ఉన్న రోజుల్లో ‘బ్లాక్ వాటర్ సిస్టర్’ అనే దేవత ఒంటిమీదికి వచ్చే మనిషి. ఆ దేవత గుడి ఉన్న స్థలం మీద కన్నేసిన ఒక కోటీశ్వరుడితో ఆమెకు తేలని లెక్కలున్నాయి. అవి తేల్చుకోవడానికి ఇప్పుడు ఆమెకు ఒక ఒళ్లు కావాలి, మనవరాలి ఒళ్లు దగ్గరలోనే ఉంది. ఇంతకు మించి కథ చెప్పడం చదవబోయేవారికి అన్యాయం చేయడమే.

నువ్వు ఆడపిల్లల్ని ఇష్టపడతావన్న సంగతి మీ అమ్మకు తెలుసా అని దయ్యం అడగడంతో నవల ప్రారంభమవుతుంది. అడిగిన మాట నేను ఇక్కడ చెప్పినంత మర్యాదగా లేదు. ఆ ఒక్క వాక్యంలో రచయిత్రి చేసిన పని ఎంతో ఉంది. ఏళ్ల తరబడి తల్లిదండ్రుల దగ్గర, బంధువుల దగ్గర, చివరికి తన నడకలోనూ మాటలోనూ కూడా దాచుకుంటూ వచ్చిన రహస్యాన్ని, ఏ తలుపూ తట్టనక్కరలేని ఒక ముసలామె లోపలినుంచే చూసేసింది. మనిషి మనసుకు వేసుకున్న గడియ దయ్యానికి అడ్డు కాదు. ఇక్కడినుంచి జెస్ భయపడవలసింది ముసలామె మహిమకు కాదు, ఆమె నోటికి. పైగా ఆ మా ఇందులో కొత్తగా నీతులేమీ చెప్పదు, అసహ్యించుకున్నట్టూ కనిపించదు. ఎప్పుడు ఎవరిమీద వాడుకోవచ్చో చూసుకుని పక్కన పెట్టుకునే సమాచారంగా మాత్రమే దాన్ని చూస్తుంది. బంధువుల రహస్యాలను కొంగున ముడివేసుకుని తిరిగే ముసలివాళ్లను చూసినవారికి ఈ పాత్ర నిజం ఏమిటో వెంటనే అర్థమవుతుంది.

బంధుత్వాల దగ్గర తెలుగు పాఠకుడికి ఒక సౌకర్యం ఉంది. పెనాంగ్ చైనీయుల్లో ఎక్కువమంది పూర్వీకులు ఆగ్నేయ చైనాలోని ఫూజియన్ ప్రాంతంనుంచి వలస వచ్చినవారు. వారి భాష హొక్కియెన్. ఆ భాషలో ‘కోర్’ అంటే తండ్రి సోదరి, ‘కూ’ అంటే తల్లి సోదరుడు. నవలలోని కోర్ కోర్, ఆ కూ ఇంగ్లీషు పాఠకుడికి ఒక ఆంటీ, ఒక అంకుల్ మాత్రమే. మనకు మాత్రం ఒకరు మేనత్త, ఇంకొకరు మేనమామ అని తెలియగానే ఆ ఇళ్ల మధ్య గీత ఎక్కడుందో కనిపిస్తుంది. మేనత్త ఇల్లు క్రైస్తవుల ఇల్లు, అక్కడ దేవతల ఊసు గిట్టదు. మేనమామ గుడినీ పూజనూ అంటిపెట్టుకున్న మనిషి. జెస్ తల్లి పుట్టింటికి ఏనాడో దూరమై, ఆ ప్రస్తావనే ఎత్తకుండా కూతురిని పెంచింది. నవలలోని రాకపోకలన్నీ ఈ రెండు ఇళ్ల మధ్యే జరుగుతాయి. దయ్యంతో వేగుతూ మేనత్త భోజనాల బల్ల దగ్గర మామూలుగా నవ్వవలసి రావడంలోని హాస్యమూ, దిగులూ అక్కడివే.

చైనీయుల సంప్రదాయంలో వంశం తండ్రి వైపునుంచి సాగుతుంది. పూర్వీకుల పేర్లు రాసిన పలకలకు ధూపం వేయవలసింది కొడుకులు, మనుమలు; పెళ్లయిన కూతురు అత్తింటి పూర్వీకులకు చెందుతుంది. ఆ లెక్కన అమ్మమ్మకు కూతురి కూతురు పరాయి ఇంటి పిల్ల. కానీ ఈ నవలలో దేవత వెతుక్కుంటూ వచ్చేది సరిగ్గా ఆ పరాయి ఇంటి పిల్లనే. ఆస్తీ, ఇంటిపేరూ మగవారి దారిన పోతుంటే, ఆ పట్టికల్లో ఎక్కడా నమోదు కాని మరో వారసత్వం ఆడవారి దారిన, ఒక తరాన్ని దాటుకుని మరీ దిగుతుంది. మధ్యలో తప్పించుకున్న తల్లి పాత్ర నాకు అన్నిటికంటే నచ్చింది. ఆమె చెప్పకుండా దాచినవి కూతురిని కాపాడాలని దాచినవే, వాటివల్లే కూతురు ఏ రక్షణా లేకుండా చిక్కుకుంది. తల్లీకూతుళ్లు ఇద్దరూ ఒకరినొకరు బాధపెట్టకూడదని అబద్ధాలాడుకునే సన్నివేశాల్లో జెన్ చో కలం చాలా నిబ్బరంగా నడుస్తుంది. దయ్యాల సన్నివేశాలకంటే అవే నన్ను ఎక్కువగా వెంటాడాయి.

దేవత సంగతికి వస్తే, కొంచెం నేపథ్యం తెలిసి ఉండటం మేలు. చైనా జానపద మతంలో దేవుళ్లు, దయ్యాలు, పూర్వీకులు అనే మూడు తెగలను వివరిస్తూ మానవశాస్త్రవేత్త ఆర్థర్ వుల్ఫ్ 1974లో ఒక ప్రసిద్ధ వ్యాసం ప్రచురించారు. ఈ మూడింటి మధ్య గోడలు అంత గట్టివి కావు. సముద్రయానం చేసేవారిని కాపాడే మాజు, సంప్రదాయం ప్రకారం, ఫూజియన్ తీరంలో పుట్టిన ఒక పిల్ల. ఎర్రని ముఖంతో గుళ్లలో కనిపించే గువాన్ యూ 3వ శతాబ్దం తొలినాళ్లలో చనిపోయిన సేనాధిపతి. మంచి చావు చచ్చి, ధూపం వేసే సంతానం ఉంటే పూర్వీకులు అవుతారు. అకాలంగా, అన్యాయంగా చనిపోయి, తలచుకునేవారు లేకపోతే ఆకలి దయ్యాలవుతారు. చాంద్రమానం ప్రకారం ఏడవ నెలలో వారికోసమే వీధుల్లో ఆహారం పెట్టి, కాగితపు డబ్బు కాల్చి, నాటకం ఆడించి, ముందు వరుస కుర్చీలు ఖాళీగా వదులుతారు. అలాంటి దయ్యానికి జనం భయపడి మొక్కడం మొదలుపెట్టి, ఆ మొక్కులు ఫలిస్తే, అది దేవతగా మారవచ్చు. చనిపోయాక దేవతగా కొలిచే స్త్రీని పేరంటాలు అని పిలిచే భాషలో పుట్టినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. బ్లాక్ వాటర్ సిస్టర్ కూడా హింసకు బలై చనిపోయిన ఒక యువతి. ఆమెను గుళ్లో కూర్చోబెట్టినంత మాత్రాన ఆ కోపం చల్లారలేదు. అమ్మమ్మకు భక్తి ఉంది, భయమూ ఉంది. ఈ రెండింటిలో ఏది ఎక్కువో ఆమెకే తెలియదు.

ఇలా దేవత ఒంటిమీదికి వచ్చేవారిని హొక్కియెన్‌లో తాంగ్‌కీ అంటారు. జనం వారి దగ్గరకు జబ్బు తగ్గడానికీ, కుటుంబ తగాదాలు తీరడానికీ, కొన్నిచోట్ల లాటరీ నంబర్ల కోసమూ వెళతారు. పెనాంగ్‌లోని ఈ ఆచారాన్ని జీన్ డిబెర్నార్డి అనే పరిశోధకురాలు ఏళ్ల తరబడి గమనించి 2006లో ఒక గ్రంథం ప్రచురించారు. పూనకం అన్న మాటలో మనం సాధారణంగా దేవతనే తలుస్తాం. పూనినప్పుడు ఆ ఒంటి సొంతదారు ఎక్కడికి పోతుందన్న ప్రశ్న అంతగా రాదు. ఈ నవల అంతా ఆ ప్రశ్న మీదే నిలబడింది. ఆ మా మనవరాలిని అడగకుండానే ఆమె ఒంటిని వాడుకుంటుంది. ఆ ఒళ్లు ఏం చేసిందో, ఎవరితో తగవు పెట్టుకుందో జెస్ తరువాత తెలుసుకుని సర్దుకోవలసి వస్తుంది. కూతురిగా మంచిపిల్ల వేషం వేసీ వేసీ, తన ఒంటిని ఎప్పుడూ ఇతరుల కోసమే నడుపుతూ వచ్చిన అమ్మాయికి, పూనకం కొత్త అనుభవమేమీ కాదన్న సూచన చదువుతూ ఉండగా మెల్లగా బయటపడుతుంది. రచయిత్రి దాన్ని ఎక్కడా నోరు తెరిచి చెప్పరు, ఉపన్యాసం ఇవ్వరు. వారసత్వపు మాయను అలంకారంగా కాక కథకు ఇరుసుగా వాడటమంటే ఇదే.

పెనాంగ్ కూడా తెర మీద బొమ్మలా కాక నిజమైన ఊరిలా ఉంది. 2008లో యునెస్కో వారసత్వ జాబితాకు ఎక్కిన జార్జ్‌టౌన్ పాత వీధుల అందం మీద నవల పెద్దగా నిలవదు. ఉక్కపోత, బంధువుల కార్లు, ఎత్తైన కొత్త అపార్టుమెంట్లు, వాటికి అడ్డుగా మిగిలిన చెట్లూ చిన్న గుళ్లూ ఇందులో కనిపించే పెనాంగ్. గుడి భూమి కోసం తగువు ఊహించినదే కావచ్చు, కానీ భూమి ధరలు పెరిగే ఏ నగరంలోనైనా కాగితాలు సరిగా లేని చిన్న దేవతలకే ముందు నోటీసు అందుతుంది. ఆ దీవిలోనే ప్రసిద్ధమైన కెక్ లోక్ సీ ఆలయం ఉన్న ప్రాంతం పేరు ఆయెర్ ఇతమ్. మలయ్ భాషలో ఆ మాటకు నల్లని నీరు అని అర్థం. దేవత పేరు చదివినప్పుడు ఆ ఊరు తెలిసినవారి మనసులో మోగే గంట మనకు మోగదు, అందుకే చెబుతున్నాను.

భాష గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఆ మా మాట్లాడేది హొక్కియెన్. దాన్ని రచయిత్రి మలేసియా జనం నోట వినిపించే ఇంగ్లీషులోకి దించారు. క్రియలు ఎగిరిపోయి, వాక్యం చివర ‘లా’ తగిలించుకుని, కసురుతున్నట్టే ఉండే ఆ మాటతీరు తెలుగు చెవికి పరాయిగా ఉండదు. నవలలోని నవ్వులో మూడు వంతులు ఈ గొంతుదే. జెస్ ఆలోచనలు మాత్రం చదువుకున్న అమెరికా ఇంగ్లీషులో నడుస్తాయి. ఒకే తలలో రెండు భాషలు తగువుపడటం పుటలోనే వినిపిస్తుంది.

లోపాలు లేకపోలేదు. 400 పేజీల లోపు నవలే అయినా నడుమ భాగం సాగింది. జెస్ వద్దనుకోవడం, మళ్లీ ఒప్పుకోవడం, మళ్లీ వెనక్కి తగ్గడం ఒకసారి సహజంగా, రెండోసారి ఓపికగా, మూడోసారి విసుగుగా చదివాను. శరణ్య దాదాపుగా ఫోన్‌కు అవతల ఉన్న గొంతుగానే మిగిలిపోయింది. జెస్ దేనికోసం ఇంత వేదన పడుతున్నదో ఆ మనిషే సరిగా కనిపించకపోతే, ఆ రహస్యం బరువు పాఠకుడి భుజం మీద పూర్తిగా పడదు. ముఠాల గొడవ వచ్చిన అధ్యాయాల్లో మొక్కు కథ పక్కకు పోయి మామూలు థ్రిల్లర్ పరుగు మొదలవుతుంది; అంతవరకు ఎంతో జాగ్రత్తగా నడిచిన నవలకు ఆ పరుగు నప్పలేదు. ఆరంభంలోని హాస్యం చూసి తేలికపాటి దయ్యం కథ అనుకుని తీసుకున్నవారు చివరి భాగానికి సిద్ధంగా ఉండాలి. అక్కడ హింస తీవ్రంగానే ఉంది, లైంగిక దాడికి సంబంధించిన ఘట్టమూ ఉంది. చిన్న పిల్లలకు ఇవ్వదగిన పుస్తకం కాదు.

డ్రాగన్లు, రాజప్రాసాదాలు, పట్టువస్త్రాల్లో కత్తియుద్ధాలు కోరుకుని చైనా జానపదం వైపు వచ్చేవారికి ఇది నిరాశ కలిగించవచ్చు. అమ్మమ్మ పోలిక తమలో ఎక్కడుందో వెతుక్కునే అలవాటు ఉన్నవారికి నేను మొదట చేతిలో పెట్టే నవల ఇదే. ఈ గొంతుతో పరిచయం కావాలనుకుంటే, 2014లో వచ్చి 2021లో మరిన్ని కథలతో మళ్లీ వెలువడిన జెన్ చో కథల సంపుటి ‘స్పిరిట్స్ అబ్రాడ్’ కూడా ఉంది. నేను నవల ముగించిన వారంలోనే దాన్ని తెచ్చుకున్నాను; ఆ మా తిట్లు ఇంకొంతసేపు వినాలనిపించింది.