టైర్లు కొత్తవే అన్నారు, ఆరూ కొత్తవని అనలేదు: సెకండ్ హ్యాండ్ మోటార్‌హోమ్ కొనేవాళ్లకు హెచ్చరిక

నాలా ఇంకొకరు ఇరుక్కోకూడదని రాస్తున్నాను. అమ్మినాయన పేరు చెప్పను. ఇలాంటి బండి ఎవరి దగ్గరైనా ఉండొచ్చు.

చూడ్డానికి వెళ్లిన రోజు టైర్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి. గ్రిప్పు లోతుగా ఉంది, వేలు పెడితే గోరు మునిగింది. "టైర్లు కొత్తవేనండీ, ఈమధ్యే మార్పించాం" అన్నాడాయన. నేను మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు చూసుకోవడంలో పడిపోయాను. ఫ్రిజ్ తలుపు నాలుగుసార్లు తీసి మూశాను గానీ, వెనక ఒక్కో పక్క జంటగా ఉండే చక్రాల్లో లోపలిదాని వైపు ఒక్కసారి కూడా వంగి చూడలేదు.

మూడో ప్రయాణంలో, మిట్టమధ్యాహ్నం హైవే మీద, వెనక దబ్‌మని చప్పుడు. ఆ వెంటనే ఎవరో బెల్టుతో రేకు మీద కొడుతున్నట్టు టపటపా. బ్రేకు గట్టిగా తొక్కకుండా, స్టీరింగ్ బిగించి పట్టుకుని, మెల్లగా పక్కకు తీశాను. మొత్తం వ్యవహారంలో నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే. లోపలి టైరు పై పొర ఊడిపోయి, స్టీలు తీగలు బయటపడి, చక్రం తిరిగిన ప్రతిసారీ నేల రేకును చీల్చాయి. వైర్లు తెగాయి, సింకు కింది పైపు పగిలింది. గ్యాస్ పైపు అక్కడికి జానెడు దూరంలో ఉంది.

చక్రం విప్పిన మెకానిక్ టైరు గోడ మీద మట్టి తుడిచి చూపించాడు. డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు: 0911. అంటే 2011లో 9వ వారంలో తయారైంది. బయటి టైరు మీద 2221. కనబడే నాలుగూ మార్చి, కనబడని రెండూ అలాగే వదిలేశారన్నమాట. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే.

గ్రిప్పు ఎందుకు మోసం చేసిందో తర్వాత అర్థమైంది. లారీ టైరు తిరిగి తిరిగి గుండవుతుంది. మన బండి టైరు నిలబడి నిలబడి పాడవుతుంది. రబ్బరులో కలిపిన మైనం, టైరు తిరుగుతూ వంగుతున్నప్పుడే పైకి వచ్చి, గాలిలో ఉండి రబ్బరును పగలగొట్టే ఓజోన్ నుంచి కాపాడుతుంది. నెలల తరబడి ఎండలో కదలకుండా నిలబడిన టైరుకు ఆ భాగ్యం లేదు. గోడల మీద, గ్రిప్పు గాడుల అడుగున సన్నటి పగుళ్లు వస్తాయి, లోపల పొరల మధ్య పట్టు సడలుతుంది. ఐదేళ్లు దాటిన టైరును ఏటా నిపుణుడికి చూపించాలని, పదేళ్లకు బాగున్నట్టు కనిపించినా తీసేయాలని మిషెలిన్ కంపెనీయే చెబుతుంది. నేనైతే ఏడేళ్లకు మించి నమ్మను. ఇక ఆ నిగనిగ అంటారా, అది పాలిష్. పగుళ్లు కప్పడానికి అంతకంటే చవకైన మందు లేదు. అమ్మేటప్పుడు టైర్లు మరీ మెరుస్తుంటే తడిగుడ్డతో తుడిచి, టార్చి వేసి చూడండి.

తేదీ వెతకడంలో ఇంకో తిరకాసు ఉంది. పూర్తి అంకెలు చాలా టైర్లకు ఒకవైపే ఉంటాయి. ఆ వైపు రెండు చక్రాల మధ్యకు తిరిగి ఉంటే బయట నిలబడి ఎంత చూసినా కనబడవు. కింద పడుకుని చూడాలి, ఫోన్‌ను సందులోకి చాపి ఫొటో తీయాలి, అదీ కుదరకపోతే చక్రం విప్పించాలి. "అంత అవసరమా అండీ" అని అమ్మేవాళ్లు నసిగితే, అవసరమే.

నా టైరుకు వయసు మీరడమే కాదు, గాలి కూడా తక్కువై ఉంటుంది. లోపలి చక్రం వాల్వ్ చేతికి అందదు కాబట్టి ఎవరూ చూడరు. జంటలో ఒకదానికి గాలి తగ్గితే దాని బరువు పక్కదాని మీద పడుతుంది, రెండూ వేడెక్కుతాయి. ఉండాల్సిన గాలిలో 80 శాతమో అంతకంటే తక్కువో ఉండగా నడిచిన టైరును మళ్లీ గాలి కొట్టి వాడేయకూడదు, రిమ్ము నుంచి విప్పి లోపల పరీక్షించాలి. గాలి చూడాల్సింది పొద్దున్నే, బండి కదలకముందు. దారిలో వేడికి పెరిగిందని తీసేయకండి. ఎంత పెట్టాలో తెలియాలంటే నీళ్లు, సామాను, మనుషులతో సహా కాటా మీద తూకం వేయించి, టైరు కంపెనీ పట్టికలో చూసుకోవాలి. ఆ పని నేను ఇప్పుడు చేశాను, కొన్నప్పుడే చేయాల్సింది. వాల్వులు కూడా స్టీలువి వేయించాను. కార్లకు వేసే మామూలు రబ్బరు వాల్వు 65 పీఎస్ఐ వరకే, మన టైర్లలో 80 కూడా మామూలే.

అమ్మినాయనకు ఫోన్ చేస్తే, "కొత్తవని చెప్పాను గానీ ఆరూ అని అన్నానా?" అన్నాడు. నిజమే, అనలేదు. అందుకే ఆరు టైర్ల అంకెలూ కాగితం మీద రాయించుకుని, ఆ తర్వాతే అడ్వాన్స్ ఇవ్వండి.

ఆరు కాదు, ఏడు. నిన్న స్టెప్నీ కూడా దింపి చూశాను. దాని మీద 4807 ఉంది.