బోదకాలు: రాత్రి రక్తపూతా, పగటి స్ట్రిప్పా?

కోనసీమ, నరసాపురం వైపు బోదకాలు పాత జబ్బే. కనిపెట్టే ముఖ్యమైన దారులు రెండు.

ఈ జబ్బు తెచ్చే పురుగుల పిల్లలు, అంటే మైక్రోఫైలేరియా, రాత్రి 10 నుంచి 2 గంటల మధ్యే నెత్తుర్లో ఎక్కువగా తిరుగుతాయి. జబ్బును మోసే క్యూలెక్స్ దోమ కుట్టేదీ రాత్రిపూటే. అందుకే సిబ్బంది నిద్రవేళ తలుపు తట్టి, వేలి నుంచి రక్తం తీసి గాజుపలక మీద పూస్తారు. చాలామంది విసుక్కుంటారు. దయచేసి వేలివ్వండి! కాలు వాచనివాళ్లలోనూ ఆ పురుగులుంటాయి, వాళ్ల నుంచే దోమకు అంటుకుంటుంది. పూతలో అవి మైక్రోస్కోప్ కింద కనబడతాయి.

స్ట్రిప్‌కి, అంటే రక్తపు చుక్క వేసి చూసే పరీక్ష పట్టీకి, ఆ తిప్పలు లేవు, పగలే 10 నిమిషాల్లో తేలుతుంది. అయితే అది పట్టేది పెద్దపురుగు రక్తంలోకి వదిలే పదార్థాన్ని (యాంటిజెన్‌ను). మందు మింగి పిల్లపురుగులు పోయినా పాజిటివ్ చూపించొచ్చు. ఊళ్లో జబ్బు జాడ వెతకడానికైతే నా ఓటు స్ట్రిప్‌కే. మందు పనిచేసిందా అని చూడాలంటే మాత్రం రాత్రి పూతే తీయాలి.