మట్టి చేసిన చోట్ల రెండు రోజులు

మా ఇంట్లో కాల్చే ఆచారం లేదు. మేము లింగాయతులం, పోయినవారిని పద్మాసనంలో కూర్చోబెట్టి, ఎడమ అరచేతిలో, మెడలో ధరించే ఇష్టలింగాన్ని ఉంచి, విభూతితోనూ మారేడు పత్రితోనూ మట్టి చేస్తాం. నల్లగొండ దగ్గర మా పొలం గట్టున ఉన్న మా నాన్న సమాధి మీద రాయి లేదు, పేరు లేదు. పక్కన ఉన్న వేపచెట్టే ఆనవాలు. అందుకే అమెరికాలో ఉంటున్న మా అమ్మాయి ఒకనాడు ఫోనులో హరిత ఖననం గురించి చెబుతూ, దక్షిణ కరోలినాలో రామ్సే క్రీక్ అనే అడవిలో 1998 నుంచి దేహానికి రసాయనాలు ఎక్కించకుండా, గోతిలో కాంక్రీటు గది కట్టకుండా, త్వరగా మట్టిలో కలిసే పెట్టెలోనో వట్టి వస్త్రంలోనో ఉంచి పూడుస్తున్నారనీ, ఆ చెట్ల మధ్య దారుల్లో ఎవరైనా నడవవచ్చుననీ వివరించినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు సరికదా, కొంచెం నవ్వు కూడా వచ్చింది. "మీ తాతయ్యను పెట్టినట్టే కదా" అన్నాను. "అయితే అమ్మా, హైదరాబాద్‌లో అలాంటి చోట నడిచి చూడవచ్చా?" అని ఆమె అడిగిన దానికి మాత్రం నా దగ్గర జవాబు లేకపోయింది.

జవాబు వెతకడానికి నవంబరు 1, 2 తేదీలను ఎంచుకోవడానికి కారణం, నాతో ఇరవై రెండేళ్ళు ఒకే బడిలో పనిచేసిన సహోపాధ్యాయిని. ఆమె తల్లిగారి సమాధి నారాయణగూడలోని క్రైస్తవ శ్మశానవాటికలో ఉంది. కాథలిక్కులకు ఏటా నవంబరు 2న వచ్చే సమాధుల పండుగకు ఆమె ఎలాగూ వెళ్తారు. ఈసారి మట్టి సమాధిని తీయించి గ్రానైటు పలక వేయించాలని డబ్బు కూడా సిద్ధం చేసుకున్నారు. "టీచర్, మీరూ రండి, ఒక రోజు ముందే వెళ్దాం" అన్నారు. నేను జీవశాస్త్రం చెప్పేదాన్ని, ఆమె సాంఘికశాస్త్రం. మట్టి సంగతి నాకు, రాజుల సంగతి ఆమెకు అని పంచుకుని బయలుదేరాం. మొంథా తుపాను వానలు వెలిసి అప్పటికి రెండు మూడు రోజులే అయింది. నల్లగొండ నుంచి ఎక్స్‌ప్రెస్ బస్సులో ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకున్నాం కనుక దిల్‌సుఖ్‌నగర్ దాకా ప్రయాణానికి ఖర్చేమీ కాలేదు.

అక్కడి నుంచి మెట్రోలో ఒక్క స్టేషన్ దూరం మూసారంబాగ్. స్టేషన్ నుంచి ఆటోలో ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉన్న రేమండ్ సమాధికి చేరుకున్నాం. నిజాం అలీ ఖాన్ కొలువులో ఫ్రెంచి పటాలానికి అధిపతిగా పనిచేసి, 1798 మార్చి 25న చనిపోయిన ఈయనను ముస్లిములు మూసా రహీం అనీ, హిందువులు మూసా రామ్ అనీ పిలుచుకున్నారు. రోజూ లక్షల మంది పలికే మూసారంబాగ్ అనే పేరు ఆ పిలుపు నుంచి వచ్చిందే. తిన్నె మీద నిలువెత్తుకు మూడు నాలుగింతల రాతి స్తంభం, దాని మీద జె.ఆర్. అనే అక్షరాలు, పక్కన స్తంభాల మండపం తప్ప ఇక్కడ చూడటానికి పెద్దగా ఏమీ లేదు. ఈ మండపం 2001 వానలకు కూలిపోతే మళ్ళీ కట్టారు. గైడు లేడు. పొద్దుటి నడకకు వచ్చిన ఒక పెద్దాయన మాత్రం, వర్ధంతినాడు ఇక్కడ ధూపదీపాలు పెట్టి ఉర్సులాగా జరిపేవారని తన తండ్రి చెప్పగా విన్నానన్నారు. అరగంట చాలు. నీళ్ళ సీసా మీరే తీసుకువెళ్ళాలి.

బసకు కోఠీలో ఒక లాడ్జి తీసుకున్నాం. ఇద్దరికీ కలిపి రాత్రికి పద్నాలుగు వందలు. దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి కాని, వేడినీళ్ళు బకెట్టు చొప్పున అడిగి తెప్పించుకోవలసి వచ్చింది, వీధివైపు గదిలో రాత్రి పన్నెండు దాటినా హారన్లు ఆగలేదు. ఈ యాత్రకు కోఠీలో దిగడం మంచిదనే అంటాను. మెహదీపట్నం వైపు సిటీ బస్సులూ మెట్రో స్టేషన్లూ దగ్గర. గది మాత్రం వెనకవైపుది అడగండి.

మధ్యాహ్నం సెవెన్ టూంబ్స్‌కు, అంటే ఇబ్రహీంబాగ్‌లోని కుతుబ్‌షాహీ సమాధులకు, వెళ్ళాం. గోల్కొండను 1518 నుంచి 1687 వరకు ఏలిన వంశం తన వాళ్ళను పూడ్చుకున్న తోట ఇది. ఆగా ఖాన్ సంస్థ, రాష్ట్ర వారసత్వ శాఖ కలిసి 2013లో మొదలుపెట్టిన పునరుద్ధరణ 2024లో పూర్తయింది. పచ్చికలు, చెట్లు, గచ్చు మెరుగు తిరిగి వచ్చిన గుమ్మటాలు, మళ్ళీ నీళ్ళు నిలుస్తున్న మెట్లబావులు చూశాక, ఆ బావులకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం ఎందుకు వచ్చిందో ఎవరూ చెప్పనవసరం లేదు. తుపాను నీరు చేరిన బడీ బావడి మెట్ల మీద నిలబడి నా సహోపాధ్యాయిని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ముప్పై మంది పిల్లలను వెంటబెట్టుకుని వచ్చిన రోజుల్లో ఇదంతా ముళ్ళపొద అని తరువాత చెప్పారు.

మేము డబ్బు కట్టి చేరిన నడక బృందం పేరు రాయను. ఇరవై నాలుగు మందిమి. మెడలో చిన్న స్పీకరు తగిలించుకున్న యువకుడు రెండు గంటలపాటు ఎక్కడా తడుముకోకుండా సంవత్సరాలు, ఎత్తులు, భార్యల పేర్లు చెప్పాడు. మహమ్మద్ కులీ సమాధి ఎత్తు 42 మీటర్లని చెప్పి అందరినీ ఫోటోకు నిలబెట్టాడు. అయితే ఒక్కసారి కూడా, ఇక్కడ మనుషులను పూడ్చారన్న సంగతి మా మనసుకు తగిలేలా మాట్లాడలేదు. దేహాలకు కడపటి స్నానం చేయించేవారని చెప్పే హమ్మాం ముందు మూడు నిమిషాలు ఆగి, నీటి గొట్టాల ఏర్పాటును మాత్రమే పొగిడి ముందుకు సాగాడు. నా ఉద్దేశంలో ఆ తోటలో అరగంట నిలవదగిన చోటు అదే: చనిపోయిన మనిషిని కడిగి, కుట్టని తెల్ల గుడ్డలో చుట్టి, పెట్టె లేకుండా భూమికి అప్పగించే పద్ధతిలో సుల్తానుకూ నీళ్ళు మోసేవాడికీ తేడా లేదు, తేడా అంతా ఆ తరువాత పైన లేచిన రాతిలో ఉంది.

ఆ తేడాను మాకు చూపించింది అక్కడ చెత్త ఏరుతున్న ఒకామె. సమాధి మధ్యలో నల్లగా మెరిసే రాతి పెట్టెను చూపి "ఇందులోనే ఉన్నాడా?" అని నేను గట్టిగానే అన్నానేమో, "అది ఉత్త గుర్తే అమ్మా, అసలు బొంద కింద ఉంటది" అంది. నిజమే. పైన గుమ్మటం కింద కనబడేది గుర్తు మాత్రమే, అసలు గోరీ తిన్నె అడుగున ఉన్న నేలగదిలో, మట్టిలో ఉంటుంది. మా సాంఘికశాస్త్రం టీచరుగారు అందుకుని, ఈ వంశంలో చివరివాడైన తానీషాకు ఈ తోటలో చోటు దక్కలేదనీ, దౌలతాబాదు కోటలో బందీగా పోయి ఖుల్దాబాదులో పూడ్చబడ్డాడనీ, అతణ్ణి ఓడించిన ఔరంగజేబు సమాధి కూడా అదే ఊళ్ళో ఉందనీ, దాని మీద గుమ్మటం లేకుండా పైన మట్టి నింపి సబ్జా మొక్క పెంచుతారనీ చెప్పారు. గైడు వినలేదు; వింటే బాగుండేది.

ఈ తోటను తప్పక చూడమని నేను చెబుతాను. అయితే నడకకు డబ్బు కట్టేముందు ఎంతమందిని తీసుకువెళ్తారో అడగండి. పది మంది దాటితే ఒంటరిగా వెళ్ళి, పనివాళ్ళతో మాట్లాడటం మేలు. వానల తరువాత రాతి తిన్నెలు జారతాయి, మోకాళ్ళ నొప్పి ఉన్నవారు నేలగదుల వైపు వెళ్ళవద్దు. తిరుగు దారిలో ఆటో దొరకడానికి నలభై నిమిషాలు పట్టింది.

ఆదివారం ఉదయం సంతోష్‌నగర్ వైపు పిసల్‌బండలో ఉన్న పైగా సమాధులకు వెళ్ళాం. నిజాముల కొలువులో మహా సంపన్నులైన పైగా కుటుంబం పద్దెనిమిదో శతాబ్ది చివరి నుంచి ఇక్కడ తమవారిని పూడ్చుకుంది. గచ్చుతో అల్లిన లతలు, ఒక్కదాన్ని పోలింది మరొకటి లేని జాలీలు గంటసేపు కదలనివ్వవు. పనితనంలో సెవెన్ టూంబ్స్ కన్నా ఇదే మిన్న అని ఆమె, ఎంత చక్కగా ఉన్నా మట్టి కనబడని చోట నాకు ఊపిరాడదు అని నేను, ఆటోలో వాదించుకుంటూ వచ్చాం. ఎంజీబీఎస్ బస్టాండు దగ్గర ఆకుపచ్చ లైను మెట్రో ఎక్కితే రెండో స్టేషనే నారాయణగూడ.

మూడు గంటలకు మేము చేరేసరికి శ్మశానవాటిక గేటు బయట బంతి, చామంతి దండలు, కొవ్వొత్తుల కట్టలు, సున్నం డబ్బాలు అమ్మేవారితో వీధి నిండిపోయింది. లోపల ఎవరి సమాధి దగ్గర వారు పని చేసుకుంటున్నారు. ఒకాయన తండ్రి పేరులోని అక్షరాలను సన్నని కుంచెతో నల్లరంగు దిద్దుతున్నాడు, ఇద్దరు అక్కచెల్లెళ్ళు గడ్డి పీకుతూ ఆస్తి తగవు మాట్లాడుకుంటున్నారు, పిల్లలు మైనపు ముద్దలు ఏరి బంతులు చేస్తున్నారు. పాదిరిగారు వరుస వెంట వరుస నడుస్తూ పవిత్రజలం చల్లి ప్రార్థన చేస్తున్నారు. ప్రొటెస్టంటు కుటుంబాలు ఎక్కువగా ఈస్టరు తెల్లవారుజామున ఇలా వస్తాయట. కరీంనగర్ కార్ఖానగడ్డలో దళిత కుటుంబాలు దీపావళినాడు బొందలగడ్డకే వెళ్ళి, పెద్దల సమాధుల మధ్య దీపాలు వెలిగించి పండుగ చేసుకుంటాయని పత్రికల్లో ఏటా చదువుతాను. ఆ దృశ్యం ఎలా ఉంటుందో మొదటిసారి ఊహకు అందింది.

మా అసలు నడక ఇక్కడే జరిగింది. గోతులు తవ్వే పెద్దాయనతో గ్రానైటు సంగతి మాట్లాడటానికి వెళ్ళాం. ఆయన మాతో పాటు గంటసేపు తిరిగారు. కొత్తగా పూడ్చిన మట్టి మొదటి వానాకాలానికి కుంగుతుందనీ, అందుకే మట్టిని ఉబ్బెత్తుగా పోసి ఏడాది ఆగమంటాననీ, ఆగకుండా పలక వేసినవి పగిలాయనీ చెబుతూ పగిలిన వాటిని చూపించారు. ఆరడుగులని అందరూ అంటారు గాని రాయి తగిలితే అయిదు దగ్గరే ఆపవలసి వస్తుందన్నారు. గాలీ సూక్ష్మజీవులూ చురుకుగా ఉండేది పై మూడు నాలుగు అడుగుల మట్టిలోనే కనుక, హరిత ఖననం చేసేవారు కావాలనే అంతకు మించి లోతుకు పోరని నేను చెబితే, ఆయన తల పంకించి "పైన పెట్టినోళ్ళు తొందరగా కలుస్తరు" అన్నారు. నగరంలో చోటు లేక, కుటుంబ సమాధిని కొన్నేళ్ళకు తెరిచి అందులోనే మరొకరిని పెట్టడం మామూలైపోయింది. అలా తెరిచినప్పుడు ఏం మిగులుతుందని అడిగాను. పెట్టె చెక్క పోతుంది, నూలు బట్ట పోతుంది, పాలిస్టరు చీర అంచు ఉంటుంది, ప్లాస్టిక్ పూలదండ మాత్రం నిన్న వేసినట్టే ఉంటుందన్నారు. మా చేతిలో ఉన్న దండ అసలు పూలదా కాదా అని నేను అప్రయత్నంగా తడిమి చూసుకున్నాను.

ఆయన రుసుము అడగలేదు. టీ తాగడానికని ఇచ్చిన వందా మొహమాటంగానే తీసుకున్నారు. ముందురోజు నడకకు మేము కట్టింది దానికి ఎన్నో రెట్లు. సమాధుల పండుగకు బయటివారు వెళ్ళవచ్చా అంటే, తెలిసినవారి వెంట, ఫోను సంచిలో పెట్టుకుని, ఎవరి సమాధినీ దాటకుండా నడిచేటట్టయితే వెళ్ళవచ్చు. అయిదు తరువాత జనం ఒత్తిడి పెరుగుతుంది, మూడింటికే చేరండి.

ఆరు దాటాక కొవ్వొత్తులు వెలిగించాం. నా సహోపాధ్యాయిని తల్లిగారి సమాధి చుట్టూ ఇటుక అంచు, మధ్యలో తుపాను వానకు మెత్తబడిన నల్లమట్టి. పలక కోసం పిలిపించిన మేస్త్రీ టేపుతో కొలతలు తీసుకుని ధర చెప్పి, బయానా కోసం నిలబడ్డాడు. ఆమె ఇటుక అంచు సరిచేసి సున్నం వేయడానికి మాత్రమే డబ్బిచ్చి, పలక సంగతి ఈస్టరుకు చూద్దామన్నారు.

"ఎండకు మట్టి పగుల్తది మేడం, మళ్ళ నన్ను అనొద్దు" అన్నాడు మేస్త్రీ.

"అనను గాని, టీచర్, మీ పెరట్లో బంతి విత్తనం ఉందా?" అని ఆమె నా వైపు తిరిగారు.