అబద్ధానికి 75 పౌండ్లు, నిజానికి ఉచిత ప్రవేశం

లండన్‌లో గడిపిన ఐదు రోజులలో మూడింటి గురించి చెప్పుకోవలసింది లేదు. గ్రీనిచ్, టవర్ బ్రిడ్జి, బ్రిటిష్ మ్యూజియం సాఫీగా చూశాము. కింగ్స్ క్రాస్ దగ్గర మా ముగ్గురికీ ఇచ్చిన గదిలో పెట్టె తెరిస్తే నడవడానికి చోటుండదు, అద్దె మాత్రం రోజుకు 165 పౌండ్లు. దానినైనా క్షమించగలను కానీ, 'రహస్య సంఘాల' నడక యాత్రను క్షమించలేను.

యూట్యూబ్ వీడియోలు చూసి చూసి ఉన్న మా బావమరిది, మనిషికి 25 పౌండ్ల చొప్పున టికెట్లు ముందే కొన్నాడు. గైడు మమ్మల్ని గ్రేట్ క్వీన్ వీధిలో, ఫ్రీమేసన్లనే (మేసన్లనే) సోదర సంఘం వారి ఫ్రీమేసన్స్ హాలుకు ఎదుటి కాలిబాట మీద, జల్లులో నలభై నిమిషాలు నిలబెట్టి, లోపలివారు లోకాన్ని చాటుగా నడిపే ఇల్యూమినాటి అనే రహస్య సంఘం చెప్పుచేతల్లో ఉంటారనీ, డాలరు నోటు మీది కన్ను వారి ముద్రేననీ, బయటివారిని గడప తొక్కనివ్వరనీ చెప్పాడు. సరిగ్గా అప్పుడే ఆ గడప దాటి ఒక కుటుంబం పిల్లల బండితో బయటికి రావడం మా ఆవిడ కంటబడింది.

మరునాడు మేమూ వెళ్లాము. ఆ హాలులోని మ్యూజియానికి ప్రవేశ రుసుము లేదు. మొదటి ప్రపంచయుద్ధంలో మరణించిన సభ్యుల స్మారకంగా 1927–33 మధ్య కట్టిన భవనమది. మూడు వేలకు పైగా పేర్లున్న పత్రాన్ని కంచు పేటికలో భద్రపరిచారు. 1717లో నాలుగు లాడ్జీలు, అంటే మేసన్ల స్థానిక శాఖలు, కలిసి ఏర్పరచుకున్న ఈ సంఘం తన నియమావళిని 1723లోనే అచ్చు వేయించింది. ఇల్యూమినాటి 1776లో బవేరియాలో పుట్టిన వేరే సంఘం. పదేళ్లు తిరగకుండానే అక్కడి ప్రభుత్వం దానిని నిషేధించింది. మేసన్లు సైతానును కొలుస్తారని ఏళ్ల తరబడి పుస్తకాలు రాసి అమ్ముకున్న ఫ్రెంచి రచయిత లియో తాక్సిల్, అదంతా తన కల్పనేనని 1897లో పారిస్ సభలో తానే ప్రకటించాడు. గుర్తింపు సంకేతాలు, కరచాలనపు పద్ధతులు గోప్యంగా ఉంచుకునే మాట నిజమే. ఈ హాలు నడిపే సంఘంలో స్త్రీలకు సభ్యత్వం లేదన్నదీ నిజమే. వారికి 1908 నుంచి వేరే లాడ్జీలు ఉన్నాయని తెలిసినా మా ఆవిడకు అది రుచించలేదు.

బావమరిది మధ్యాహ్నం దాకా ముభావంగానే ఉన్నాడు. మన హైదరాబాదు గోషామహల్ బారాదరిలోనూ ఈ మేసన్ల లాడ్జీ ఉందని గుర్తుచేస్తే, "రోజూ ఆ దారినే వెళ్తాను బావా, అక్కడ ఏమీ ఉండదు" అన్నాడు నీరసంగా. రాత్రి ఫోనులో సంగతంతా విన్న మా అత్తగారు మాత్రం, "అంత మంచి లాడ్జి ఉచితంగా ఉంటే, ఆ ఇరుకు గదికి డబ్బు పోయడమెందుకు నాయనా?" అని అడిగారు.