మాక్ టెస్టులా, అసలు డేటాబేసుతో టెస్టులా: ఏది మేలు?

బెంగళూరులో బెల్లందూరు, మారతహళ్ళి వైపు కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మన తెలుగు పిల్లలు కలిసినప్పుడల్లా ఇదే అడుగుతున్నారు: డేటాబేసును మాక్ చేసి, అంటే దాని బదులు మనం నేర్పిన జవాబులే ఇచ్చే నకిలీని పెట్టి, టెస్టులు రాయాలా, అసలు డేటాబేసునే నడిపి రాయాలా? ఈమధ్యే మా బృందంలో ఈ విషయం నేనే తేల్చవలసి వచ్చింది.

వేగంలో మాక్‌లకు సాటి లేదు. వందల టెస్టులు కొన్ని సెకన్లలో ముగుస్తాయి కనుక కోడు మార్చిన ప్రతిసారీ నడపడానికి ఎవరూ బద్ధకించరు. పన్ను శాతాలు, తేదీల తేడాలు వంటి లెక్కలకైతే మాక్ కూడా అక్కర్లేదు, ఫంక్షన్‌కు విలువలిచ్చి ఫలితం చూస్తే సరిపోతుంది.

అయితే నేను ముందుగా చూసేది టెస్టు ఏ సందర్భంలో ఫెయిల్ అవుతుందన్నది. ప్రోగ్రాము పనితీరు చెడితే అది ఫెయిల్ కావాలి, లోపలి అమరికను మాత్రమే మార్చినప్పుడు పాస్ కావాలి. ‘సేవ్’ మెథడ్‌ను రెండుసార్లు పిలిచారా అని చూసే మాక్ టెస్టు, ఆ రెండింటినీ ఒకటిగా కలిపిన వెంటనే, వాడేవారికి ఏ తేడా లేకపోయినా, ఫెయిల్ అవుతుంది. అదే డేటాబేసుకు పంపే ప్రశ్నలో, అంటే క్వెరీలో, కాలమ్ పేరు తప్పు రాస్తే, ఆ క్వెరీ ఏ డేటాబేసుకూ చేరదు కనుక, నిక్షేపంగా పాస్ అవుతుంది. ఒక ఆర్డరుకు రెండుసార్లు రీఫండు నమోదు కాకుండా మేము డేటాబేసులో పెట్టుకున్న యూనిక్ నిబంధన ఒక మైగ్రేషన్‌లో (టేబుళ్ల అమరికను మార్చే పనిలో) ఎగిరిపోయినప్పుడు మా మాక్ టెస్టుల్లో ఒక్కటీ ఫెయిల్ కాలేదు. ఆ నిబంధన ఉన్నట్టే జవాబివ్వమని మాక్‌కు నేర్పింది మేమే మరి.

అందుకే మా అసలు డేటాబేసైన పోస్ట్‌గ్రెస్‌నే టెస్టుల కోసం కంటెయినర్‌లో, అంటే మిగతావాటితో కలవని విడి డబ్బాలాంటి చోట, నడుపుతున్నాం. మొత్తం టెస్టులకు ఒక్కసారే దాన్ని లేపి, ప్రతి టెస్టునూ ఒక ట్రాన్సాక్షన్‌లో (ఒక్క కట్టగా చేసే మార్పుల్లో) నడిపి చివర రోల్‌బ్యాక్ చేస్తే, అంటే ఆ మార్పులన్నీ వెనక్కి తీసుకుంటే, ఆలస్యం భరించదగినంతే ఉంటుంది. కమిట్ సమయంలో, అంటే మార్పులను ఖాయం చేసేటప్పుడు, మాత్రమే తనిఖీ అయ్యే నిబంధనలు ఈ పద్ధతికి చిక్కవు కనుక అలాంటి చోట నిజంగానే కమిట్ చేసి, తరువాత టేబుళ్లను శుభ్రం చేస్తున్నాం.

పోస్ట్‌గ్రెస్ బదులు మెమొరీలో ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేసు పెట్టుకోవచ్చు కదా అంటారు కొందరు. కాలమ్‌లో 20 అక్షరాలకు మించకూడదని వర్‌క్యార్ 20 అని రాసినా అది నిడివిని పట్టించుకోదు, ఫారిన్ కీ (ఒక టేబుల్‌లోని విలువ మరో టేబుల్‌లో ఉండాలనే నిబంధన) తనిఖీ కూడా మనం అడిగితే తప్ప సాధారణంగా చేయదు. ఆ బేరం నాకు నచ్చలేదు.

ఇక వాడేవారి బదులు తానే బ్రౌజరును నడిపే సెలీనియం అనే పనిముట్టుతో రాసే టెస్టులు లాగిన్, చెల్లింపు వంటి రెండు మూడు దారులకు చాలు.

బ్యాంకు గేట్‌వే, ఎస్సెమ్మెస్ సేవ వంటి మన చేతిలో లేనివాటికి మాక్‌లనే ఉంచాం. పాత టెస్టులను ఒక్కపెట్టున తీసేయకుండా, ఏ ఫైలును ముట్టుకుంటే దాని టెస్టులను అప్పుడు మారుస్తున్నాం.